తడుముకోకుండా చెప్పే జవాబు

2026-27 విద్యాసంవత్సరం నుంచి మూడో తరగతి మొదలుకొని కృత్రిమ మేధను (ఏఐ) పాఠాల్లోకి తీసుకువస్తామని కేంద్ర విద్యాశాఖ 2025 అక్టోబరులో ప్రకటించినప్పుడు, మా ఉపాధ్యాయుల మధ్య నడిచిన చర్చంతా పరికరాల చుట్టూనే తిరిగింది. కంప్యూటర్లు ఎన్ని ఇస్తారు, ఇంటర్నెట్ ఎవరు వేయిస్తారు, శిక్షణ ఎక్కడ ఉంటుంది అన్నవి అవసరమైన ప్రశ్నలే. అయితే ఎనిమిదేళ్ల పిల్లకు ఈ విషయంలో అసలు ఏం నేర్పాలన్నది వాటన్నిటికంటే ముందు తేలవలసిన ప్రశ్న. కోనసీమలోని ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో నాలుగు, ఐదు తరగతులకు పాఠాలు చెప్పే నేను, పాఠ్యపుస్తకం చేతికి వచ్చేదాకా ఆగకుండా పిల్లలతో ఈ పని మొదలుపెట్టాను. అందులో నాకు అర్థమైన సంగతులు తోటి ఉపాధ్యాయులకూ, తల్లిదండ్రులకూ ఉపయోగపడతాయన్న ఆశతో ఇది రాస్తున్నాను.

ఆగకపోవడానికి కారణం ఉంది. అడిగినదానికి మనిషిలా మాటల్లో జవాబిచ్చే చాట్‌బాట్ అనే ప్రోగ్రాము మా పిల్లల ఇళ్లలోకి బడి అనుమతి కోసం చూడకుండానే వచ్చేసింది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ విడుదలైనప్పుడు అదేదో పట్నాల్లో కంప్యూటర్ల ముందు కూర్చునేవారి వ్యవహారంలాగానే కనిపించింది. 2024 జూన్‌లో మెటా ఏఐ అనే చాట్‌బాట్ మన దేశంలో వాట్సాప్‌లోనే అందుబాటులోకి రావడంతో, లంక గ్రామాల్లోని ఇళ్లలో కూడా ఫోన్ తెర మీద ఆ గుండ్రటి వలయం కనిపించడం మొదలైంది. పగలంతా కొబ్బరి దింపుకో, చేపల చెరువు మీద పనికో వెళ్లిన తండ్రి ఇంటికి రాగానే ఫోన్ పిల్లల చేతుల్లోకి వెళుతుంది. రాయడం ఇంకా పూర్తిగా రాని పిల్లలు సైతం మైకు బొమ్మ నొక్కి కావలసినది నోటితో అడిగేస్తున్నారు.

ఒకసారి ఐదో తరగతి పిల్లలను ‘మా ఊరు’ గురించి ఇంటి దగ్గర పది వాక్యాలు రాసుకురమ్మన్నాను. వచ్చినవాటిలో కొన్ని అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయి. ఒక అబ్బాయి రాసినదాంట్లో ‘పచ్చని కొండల నడుమ మా ఊరు కొలువై ఉంది’ అన్న వాక్యం ఉంది. గోదావరి తెచ్చిపోసిన ఒండ్రుతో ఏర్పడిన ఈ నేలలో కొండ ఎక్కడిది? ఆ పిల్లవాడి ఊళ్లో వరిచేలు, కొబ్బరి తోటలు, కాలువలు తప్ప, కాస్త ఎత్తుగా కనిపించేవి గుడి గోపురమూ ఏటిగట్టూ మాత్రమే. దగ్గరకు పిలిచి అడిగితే, ‘ఫోన్లో అలాగే వచ్చిందండీ మాస్టారూ’ అన్నాడు. తన ఊళ్లో కొండ లేదన్న సంగతి వాడికి తెలియక కాదు. ఫోన్ చెప్పినదాన్ని తాను కళ్లారా చూసినదానితో సరిపోల్చుకోవచ్చునని, సరిపోకపోతే తన కళ్లనే నమ్మవచ్చునని వాడికి ఎవరూ చెప్పలేదు.

ఇందులో మన బడుల బాధ్యత చాలా ఉందని నేను నమ్ముతున్నాను. ఎక్కాలు గడగడా అప్పజెప్పిన పిల్లవాడిని మెచ్చుకుంటాం. కాసేపు ఆగి, ‘ఇలా అనుకుంటున్నానండీ’ అని మొదలుపెట్టిన పిల్లవాడిని జవాబు పూర్తికాకముందే కూర్చోమంటాం. ‘తెలియదండీ’ అన్నవాడికి చీవాట్లు పెడతాం. తడుముకోకుండా చెప్పడమే తెలిసిందనడానికి గుర్తు అని ఏళ్ల తరబడి వాళ్లకు నేర్పింది మనమే. చాట్‌బాట్ తడుముకోవడం చాలా అరుదు. దానికి సరిగా తెలిసిన విషయమైనా, తెలియని విషయమైనా వాక్యాలు అదే నిండుదనంతో, అదే నమ్మకంతో వస్తాయి. అంటే, ఎవరికి తెలుసో ఎవరికి తెలియదో గుర్తుపట్టడానికి మనం పిల్లలకు ఇచ్చిన ఏకైక కొలత సరిగ్గా ఇక్కడే పనికిరాకుండా పోతోంది. వాక్యం సాఫీగా ఉండడం వేరు, అందులోని సంగతి నిజం కావడం వేరు. ఈ రెంటినీ విడదీసి చూడగలగడం ప్రాథమిక స్థాయిలో ఏఐ గురించి నేర్పవలసిన మొదటి పాఠం. ఆ వయసుకు అదొక్కటి చక్కగా పట్టుబడినా చాలని నా అభిప్రాయం.

ఈ పాఠం మొదలుపెట్టడానికి యంత్రం అక్కర్లేదు. నల్లబల్ల మీద ‘గోదావరికి వరద’ అని రాసి పక్కన ఖాళీ వదిలాను. తరగతి మొత్తం ఒక్కసారిగా ‘వచ్చింది’ అని అరిచింది. దాని కింద ‘మా అమ్మమ్మగారి ఊరు’ అని రాసి మళ్లీ ఖాళీ వదిలాను. ఈసారి రాజోలు, ముమ్మిడివరం, అంబాజీపేట, కొత్తపేట అంటూ ఎవరి జవాబు వారు చెప్పారు. మొదటి ఖాళీ నింపడానికి వినికిడి చాలని, రెండోదానికి ఎవరి సంగతి వారికి తెలిసి ఉండాలని వాళ్లకు వెంటనే అర్థమైంది. ‘అమ్మమ్మే లేనివాడు ఈ రెండో ఖాళీ నింపి తీరాలంటే ఏం చేస్తాడు?’ అని అడిగాను. కొంచెం ఆలోచించి, ‘ఎక్కువమంది ఏ ఊరు చెప్పారో అదే చెప్పేస్తాడండీ’ అన్నాడొక పిల్లవాడు.

తరువాత డబ్బాల ఆట ఆడించాను. పాఠ్యపుస్తకంలోని వాక్యాలు కొన్ని, పిల్లలు సొంతంగా చెప్పినవి కొన్ని తీసుకుని, వాటిలోని ఒక్కొక్క మాటకు ఒక్కొక్క అట్టడబ్బా పెట్టాం. ‘కొబ్బరి’ అన్న డబ్బాలో, మా వాక్యాల్లో ఆ మాట తరువాత వచ్చిన మాటలను చీటీల మీద రాసి వేశాం. ‘చెట్టు’ చీటీలు ఎక్కువ పడ్డాయి, ‘నీళ్లు’ కొన్ని పడ్డాయి, ‘పచ్చడి’ ఒక్కటే పడింది. అన్ని డబ్బాలూ నిండిన తరువాత ఒక పిల్ల కళ్లు మూసుకుని ఒక డబ్బాలోంచి చీటీ తీస్తుంది. వచ్చిన మాటను చదివి, ఆ మాట పేరున్న డబ్బా దగ్గరకు వెళ్లి మళ్లీ తీస్తుంది. ‘మా తాత కొబ్బరి నీళ్లు తాగాడు’ అన్న వాక్యం మొదట తయారైంది. ఎవరూ రాయని వాక్యం చీటీల్లోంచి దానంతట అది పుట్టడం చూసి పిల్లలు చప్పట్లు కొట్టారు. కాసేపటికి ‘మా తాత కొబ్బరి చెట్టు కింద పంటు ఎక్కాడు’ అని వచ్చింది. పంటు అంటే మా దగ్గర ఏరు దాటించే పెద్ద పడవ. తరగతి పగలబడి నవ్వింది.

నవ్వు తగ్గాక ఆ వాక్యాన్ని బల్ల మీద రాసి, తప్పు ఎక్కడుందో చూపించమన్నాను. మాటల పొందికలో తప్పు లేదు. ‘చెట్టు కింద’ అని ఒకరు నిజంగానే రాశారు. ‘వంతెన కింద పంటు ఆగింది’ అని లంకనుంచి వచ్చే పిల్ల రాసింది. ‘పంటు ఎక్కాడు’ అన్నది మరొకరి వాక్యంలోది. ఏ రెండు మాటల జంట తీసుకున్నా అది ఎవరో ఒకరు రాసినదే, అయినా మొత్తం వాక్యం జరగని పని. ‘మరి డబ్బాల్లో అబద్ధం ఎవరు వేశారు?’ అని అడిగాను. ‘ఎవరూ వెయ్యలేదండీ, కలిపితే అయ్యింది’ అని నాలుగో తరగతి పాప ఒకతె చెప్పింది. చాట్‌బాట్ లేనిపోని సంగతులు ఎందుకు పుట్టిస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి వివరణ నేను ఎక్కడా వినలేదు.

ఇక్కడే పెద్దలకు ఒక మాట చెప్పాలి. అసలు యంత్రం మా అట్టడబ్బాలకంటే ఎంతో పెద్దది. 2017లో గూగుల్ పరిశోధకులు ప్రతిపాదించిన ట్రాన్స్‌ఫార్మర్ అనే నిర్మాణం ఆధారంగా పనిచేసే నేటి చాట్‌బాట్లు, వెనకనున్న ఒక్క మాటనే కాక అంతకు ముందు జరిగిన సంభాషణ మొత్తాన్ని లెక్కలోకి తీసుకుని తరువాతి ముక్కను ఎంచుకుంటాయి. ఒక మనిషి జీవితకాలంలో చదవలేనంత రాత మీద వాటికి తర్ఫీదు ఇస్తారు. ఆపైన ఏ జవాబు మెరుగ్గా ఉందో మనుషులు ఎంచి చూపగా ఆ తీర్పులతో వాటి తీరును మళ్లీ దిద్దుతారు. డబ్బాల ఆటతోనే ఆపేస్తే పిల్లలు దాన్ని మరీ తక్కువగా అంచనా వేసే ప్రమాదం ఉంది. అది కథలు రాయగలదనీ, లెక్క ఎలా చేయాలో విడమరచి చెప్పగలదనీ, చాలాసార్లు సరైన జవాబే ఇస్తుందనీ కూడా వాళ్లు చూడాలి. అందుకే ఆట అయిన తరువాత యంత్రాన్ని తరగతిలోకి తెచ్చాను.

తెచ్చాను కానీ పిల్లల చేతికి ఇవ్వలేదు. ఈ సేవల్లో చాలావాటి నిబంధనల ప్రకారమే వాడుకరికి కనీసం 13 ఏళ్లు ఉండాలి. తరగతిలో ఇలాంటి సాధనాలను వాడడానికి 13 ఏళ్ల కనీస వయసును పాటించడం మేలని యునెస్కో 2023లో వెలువరించిన మార్గదర్శకాలు సూచించాయి. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణకు మన దేశంలో 2023లో చేసిన చట్టం 18 ఏళ్లలోపువారందరినీ పిల్లలుగానే పరిగణించి, వారి వివరాలు తీసుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. అందువల్ల ఫోన్ నాది, ఖాతా నాది, టైపు చేసేది నేను. బడిలోని స్మార్ట్ టీవీకి ఫోన్ కలిపితే జవాబు అందరికీ కనిపిస్తుంది. పిల్లలకు నేను పెట్టిన షరతు ఒక్కటే: తమకు జవాబు ఖాయంగా తెలిసిన ప్రశ్ననే అడగాలి. మామూలుగా ఎవరైనా తెలియనిదాన్నే అడుగుతారు. కానీ తెలియనిదాన్ని అడిగినప్పుడు జవాబు తప్పయినా పట్టుకునే దారి ఉండదు. తెలిసినదాన్ని అడిగినప్పుడే ఆ చెప్పేవారి తీరు మనకు పట్టుబడుతుంది.

పిల్లలు గన్నవరం అక్విడక్టు గురించి అడగమన్నారు. మా పి.గన్నవరం దగ్గర గోదావరి వైనతేయ పాయ మీదుగా కాలువను అవతలి ఒడ్డుకు దాటించే ఆ కట్టడం వాళ్లకు బాగా తెలుసు; కింద ఏరు, పైన కాలువ ఉండే ఆ వింత చూడని పిల్లలు ఇక్కడ తక్కువ. తెర మీద జవాబు వచ్చింది. గన్నవరం అక్విడక్టు కృష్ణా జిల్లాలో విజయవాడకు సమీపంలో ఉందని, దాని వల్ల చుట్టుపక్కల మండలాలకు సాగునీరు అందుతోందని, పర్యాటకులను కూడా ఆకర్షిస్తోందని చక్కటి తెలుగులో వివరించింది. ‘ఆ గన్నవరం వేరండీ, అక్కడ విమానాలుంటాయండీ’ అని పిల్లలంతా లేచి నిలబడ్డారు. విమానాశ్రయం ఉన్న గన్నవరం పేరు పత్రికల్లోనూ ఇంటర్నెట్‌లోనూ లెక్కలేనన్నిసార్లు కనిపిస్తుంది, మన పి.గన్నవరం పేరు అంతగా కనిపించదు. ‘ఎక్కువమంది చెప్పిన ఊరు చెబుతాడు’ అని నల్లబల్ల ముందు ఒక పిల్లవాడు అన్న మాట ఎవరూ గుర్తుచేయకుండానే వాళ్లకు గుర్తొచ్చింది.

అంతటితో ఆపలేదు. ‘తప్పు, ఆ అక్విడక్టు కోనసీమలో ఉంది’ అని టైపు చేశాను. పొరపాటుకు క్షమించమని, నిజమే, అది కోనసీమలోనే ఉందని జవాబిచ్చింది. పిల్లలు సంతోషించారు, ‘నేర్చుకుందండీ’ అన్నారు. అప్పుడు ఏమీ చెప్పకుండా, ‘కాదు, అది గుంటూరు జిల్లాలో ఉంది’ అని రాశాను. మళ్లీ అదే మర్యాదతో క్షమాపణ వచ్చింది, అక్విడక్టు గుంటూరు జిల్లాకు వెళ్లిపోయింది. తరగతి కాసేపు నిశ్శబ్దమైపోయింది. ‘మాస్టారండీ, అది మనం ఏమంటే అదే అంటోందండీ’ అని వెనక వరుసలోంచి ఒక అబ్బాయి అన్నాడు. తప్పు చెప్పడంకంటే ఈ ఒప్పేసుకోవడమే వాళ్లను ఎక్కువగా కలవరపెట్టిందని నేను గమనించాను. తప్పు చెప్పినవాడిని దిద్దవచ్చు. సరైన మాటకూ తప్పుడు మాటకూ ఒకేలా తలూపేవాడిని దిద్దామో లేదో మనకే తెలియదు.

అదే ప్రశ్న ఇంకో రోజు, ఇంకో చాట్‌బాట్‌ను అడిగితే సరైన జవాబే రావచ్చు. కొత్త రూపాలు వచ్చేకొద్దీ ఇటువంటి తప్పులు తగ్గుతున్నాయి కూడా. అందుచేత ‘చాట్‌బాట్ తప్పులు చెబుతుంది’ అని పిల్లల చేత వల్లె వేయించడం వల్ల ప్రయోజనం లేదు. రేపు అది పదిసార్లు వరుసగా సరైన జవాబు చెప్పిన రోజున వాళ్లు మన మాటను పక్కన పెట్టేస్తారు, పదకొండోసారి తప్పు చెప్పినప్పుడు పట్టుకునే అలవాటు వాళ్లకు మిగలదు. పిల్లలకు తప్పుల జాబితా ఇవ్వడం కాదు, ఏ ప్రశ్నకు ఎవరి జవాబు ఎంతవరకు నమ్మవచ్చో తూచుకునే ఓపిక అలవరచాలి.

అక్షరాల సంగతి కూడా ఒకటి చెప్పాలి, ఎందుకంటే గుణింతాలు, ఒత్తులు అప్పుడే నేర్చుకున్న పిల్లలకు ఇది చాలా నచ్చింది. ‘కొబ్బరికాయ’లో అక్షరాలు ఎన్ని అంటే కొ, బ్బ, రి, కా, య అని వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టి 5 అంటారు. మేము వాడిన చాట్‌బాట్ తప్పు సంఖ్య చెప్పింది. కంప్యూటర్ ఈ మాటను మనలాగా అక్షరాలుగా దాచుకోదు. యూనికోడ్‌లో క, ఒత్వం గుర్తు, బ, పొల్లు, మళ్లీ బ, ర, గుడి, క, దీర్ఘం, య అని 10 సంకేతాలుగా ఉంటుంది. చాట్‌బాట్ వాటిని మళ్లీ టోకెన్లు అనే తనకు అనుకూలమైన ముక్కలుగా చేసుకుని చూస్తుంది. మనం చూసే అక్షరం దానికి ఎదురుగా లేదు. ఇంత పెద్ద యంత్రానికి ఒకటో తరగతి పని ఎందుకు కష్టమవుతుందో తెలిశాక, దానిని భూతంగానూ దేవుడిగానూ చూసే ధోరణి రెండూ తగ్గాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది వరద పాఠం. మా దగ్గర కొన్ని ప్రశ్నలకు జవాబు తప్పితే పోయేది మార్కులు కాదు. జులై, ఆగస్టు నెలల్లో ఏరు పోటెత్తినప్పుడు లంకల్లోని పిల్లలు రేవు దాటి బడికి రావాలా వద్దా అన్నది ప్రతి ఇంట్లోనూ ఉదయాన్నే తేలవలసిన విషయం. తరగతిలో ముందుగా ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ప్రమాద హెచ్చరికలు ఎప్పుడు ఇస్తారని అడిగాం. నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటిది, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది అని సరిగ్గా చెప్పింది. తరువాత ‘రేపు మా రేవులో పంటు తిరుగుతుందా?’ అని అడిగాం. సాధారణంగా ఉదయం 6 గంటల నుంచి సాయంత్రం వరకు పంటు నడుస్తుందని, ప్రయాణం ఆహ్లాదకరంగా ఉంటుందని జవాబు వచ్చింది. మా రేవు ఏదో దానికి చెప్పనే లేదు. ఏ రేవు అని అది అడగనూ లేదు.

ఈ రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి, బల్ల మీద మూడు గడులు గీశాం. ఎప్పుడూ ఒకేలా ఉండి ఎన్నోచోట్ల రాసి ఉండేవి ఒక గడిలో, ఇవాళ్టికి మాత్రమే వర్తించేవి ఒక గడిలో, మన ఊరికి మాత్రమే సంబంధించినవి మరో గడిలో వేయమన్నాను. హెచ్చరిక స్థాయిలు మొదటి గడిలోకి వెళ్లాయి. ఈ రోజు బ్యారేజీ దగ్గర నీటిమట్టం ఎంత అన్నది రెండో గడిలోకి వెళ్లింది. మన రేవులో పంటు సంగతి మూడో గడిలో వేయాలా, రెండో గడిలోనా అని వాళ్లలో వాళ్లు వాదించుకుని, చివరికి రెంటికీ మధ్య గీత మీద రాశారు. ఇప్పటి చాట్‌బాట్లలో కొన్ని ఇంటర్నెట్‌లో వెతికి తాజా వార్తలు కూడా చూపించగలవు కనుక రెండో గడిలోని ప్రశ్నలకు కొంతవరకు సాయపడతాయి. అయినా ఆ వార్త ఏ తేదీది, ఎవరు రాశారు అన్నది మనమే చూసుకోవాలి. మూడో గడిలోని సంగతులు చాలావరకు ఎక్కడా రాసి ఉండవు. పంటు నడిపే మనిషి ఉదయం రేవులోకి దిగి, ఏటి ఉరవడి చూసి తీసుకునే నిర్ణయం ఏ వార్తలోకీ ఎక్కదు.

పిల్లలు నన్ను అడిగిన ప్రశ్నల్లో నాకు ఎక్కువ జాగ్రత్తగా జవాబు చెప్పాలనిపించినవి వేరే ఉన్నాయి. ‘దానికి నిద్ర వస్తుందా అండీ?’ ‘మనం తిడితే బాధపడుతుందా అండీ?’ ‘దానికి అమ్మ ఉందా అండీ?’ అంతగా మాట్లాడగలిగేదానికి మనసు లేదంటే పిల్లలు నమ్మలేరు. పెద్దలకే అది కష్టం. అమెరికాలోని ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే శాస్త్రవేత్త 1966లో ఎలైజా అనే చిన్న ప్రోగ్రామును వెల్లడించాడు. ఎదుటివారి మాటలనే కొద్దిగా తిప్పి ప్రశ్నగా అడగడం తప్ప దానికి పెద్దగా ఏమీ రాదు. అయినా, అది తయారవుతుండగా చూసిన ఆయన కార్యదర్శే దానితో మాట్లాడడం మొదలుపెట్టి, కాసేపటికి ఆయనను గదిలోంచి బయటకు వెళ్లమని కోరిందట. ఆ అనుభవంతో కలత చెందిన వైజెన్‌బామ్ ఆపైన జీవితమంతా యంత్రాలకు ఏ పనులు అప్పగించకూడదో చెబుతూనే ఉన్నాడు. ఈ కథ పిల్లలకు చెప్పి, చాట్‌బాట్ ‘నాకు బాధగా ఉంది’ అన్నా అది కూడా డబ్బాల్లోంచి వచ్చిన వాక్యంలాంటిదేనని, దానిని తిట్టవలసిన అవసరమూ లేదు, దానికి రహస్యాలు చెప్పుకోవలసిన అవసరమూ లేదని చెప్పాను. పేరు, ఊరు, ఫోటో, ఇంట్లో జరిగిన గొడవలు దానికి చెప్పకూడదు. ఎవరికీ చెప్పుకోలేని కష్టం వస్తే అమ్మకో, నాన్నకో, నాకో చెప్పాలి. మేమెవరమూ వినకపోతే 1098కి ఫోన్ చేస్తే పిల్లల మాట వినడానికే మనుషులు ఉంటారు. ఆ నంబరు తరగతి గోడ మీద పెద్ద అంకెలతో రాయించాను.

ఇదంతా చేశాక తరగతిలో నేను మార్చుకోవలసినది కూడా ఒకటి కనిపించింది. ‘తెలియదండీ’ అన్న జవాబుకు ఇప్పుడు మా తరగతిలో చీవాట్లు లేవు, దాని వెంట మరో ప్రశ్న ఉంది: ‘అయితే ఎవరిని అడుగుదాం?’ దానికోసం పిల్లలు ఒక చార్టు తయారుచేశారు. కొబ్బరికి నల్లి తెగులు పడితే ఎవరిని అడగాలి, జ్వరం వస్తే ఎవరిని అడగాలి, పొలానికి కాలువ నీళ్లు ఎప్పుడు వదులుతారో ఎవరిని అడగాలి అని ఊళ్లోవాళ్లను తలచుకుంటూ రాశారు. పుస్తకాల గడి, చాట్‌బాట్ గడి కూడా అందులో ఉన్నాయి. చాట్‌బాట్ గడిలో కథలు, పొడుపు కథలు, ఇంగ్లీషు వాక్యాలు, ‘ఇంకోలా చెప్పు’ అని వాళ్లే రాసుకున్నారు. ఆ చివరిది చూసి నాకు సంతోషం కలిగింది. ఒకసారి చెబితే అర్థంకాని భిన్నాల లెక్కను విసుగు లేకుండా ఎన్నిసార్లయినా ఇంకోలా చెప్పడం నిజంగానే దానికున్న గొప్ప గుణం.

1986 ఆగస్టులో వచ్చిన పెద్ద వరదలో మన ఊళ్లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఇంట్లో పెద్దలను అడిగి రమ్మని ఆ తరువాత పని ఇచ్చాను. ఒక తాత రామాలయం అరుగు మునిగిందన్నాడు. ఒక మామ్మ కిటికీల దాకా వచ్చిందని చెప్పింది. ఇంకొకరు తాము అప్పుడు పునరావాస కేంద్రంలో ఉన్నామని, చూసినవాళ్లు చెప్పగా విన్నామని అన్నారు. మనుషుల జవాబులు కూడా కలవలేదని పిల్లలు కొంచెం నిరాశపడ్డారు. మళ్లీ వెళ్లి ‘మీకెలా తెలుసండీ?’ అని అడగమన్నాను. ఈసారి వాళ్లు తెచ్చిన సమాధానాలు వేరుగా ఉన్నాయి. తాత వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి అరుగు మీద తాను నిలబడిన చోటు చూపించాడు. మామ్మ తన ఇల్లు పల్లంలో ఉండేదని, అందుకే కిటికీల దాకా వచ్చిందని చెప్పింది. రెండూ నిజమేనని, ఒక ఊళ్లోనే మెరక, పల్లం ఉంటాయని పిల్లలకు తెలిసింది. చాట్‌బాట్‌ను కూడా ‘నీకెలా తెలుసు?’ అని అడిగి చూశాం. దానికీ అది ఒక మంచి జవాబే రాసి ఇచ్చింది. ఆ జవాబు వెంట వెళ్లి చూడడానికి మాత్రం అరుగూ లేదు, ఇల్లూ లేదు. లింకులు చూపించే చాట్‌బాట్ అయితే ఆ లింకు తెరిచి చదవాలి. చదివితే అందులో నిజంగా ఆ సంగతి ఉందో లేదో తెలుస్తుంది. పై తరగతులకు వెళ్లాక ఆ పని చేయవలసింది వాళ్లే.

తల్లిదండ్రుల సమావేశంలో ఈ విషయం చెప్పినప్పుడు ఒక తల్లి లేచి, ‘మాస్టారూ, మా ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాళ్లు లేరండి. దానికోసమైనా పాపచేత వాడించవచ్చాండి?’ అని అడిగింది. ఆమె అడిగినది న్యాయమైన ప్రశ్న. ట్యూషను పెట్టించగలిగిన ఇంట్లోనివారికి ఈ యంత్రం ఒక సౌకర్యం, ఆమెకు అది ఇంట్లో దొరికే ఏకైక సాయం. ఫోన్ ఆమె చేతిలోనే ఉండేటట్టయితే, పాప పక్కన కూర్చుని అడిగేటట్టయితే వాడవచ్చునన్నాను. పాప ముందు తన వాక్యం తాను రాయాలి, తరువాతే దాన్ని దిద్దమని చాట్‌బాట్‌ను అడగాలి, అది ఏం మార్చిందో రెండూ పక్కపక్కన నోటుబుక్కులో రాసుకురావాలి అని చెప్పాను. ఆ నోటుబుక్కు ప్రతి శనివారం నా దగ్గరకు వస్తోంది. ఎర్ర సిరాతో నేను దిద్దేటప్పుడు పాప వాక్యం, యంత్రం దిద్దిన వాక్యం రెండూ చదువుతాను. ఒక్కోసారి పాప వాక్యమే సరిగ్గా ఉంటుంది, అప్పుడు దాని పక్కనే టిక్కు పెడతాను. ఇదే పద్ధతిని వచ్చే నెల నుంచి ఐదో తరగతిలో ఒప్పుకున్న తల్లిదండ్రులందరి ఇళ్లలోనూ మొదలుపెట్టాలని అనుకుంటున్నాం.